మాణిక్యం టీచరు గారు ఆగిన చోటు

నరసాపురం చుట్టుపక్కల ఏ పెళ్ళిపందిట్లోనైనా, ఏ మీటింగులోనైనా నలుగురు ఆడవాళ్ళు కలిసి పాట ఎత్తుకున్నారనుకోండి. వాళ్ళల్లో మిషన్ ఆడపిల్లల బడిలో చదివినవాళ్ళెవరో ఇట్టే చెప్పేయవచ్చు. పాట పైకి లేవబోయే ముందు వాళ్ళు కాస్త ఆగుతారు. ఎక్కువసేపు కాదు, గుటక వేసినంతసేపు. ఆ తరవాత గొంతు విప్పారంటే మాత్రం పందిరి గుంజలు అదరాల్సిందే.

అలా ఆగడం వాళ్ళకు నేర్పింది సంగీతం టీచరు రత్నమాణిక్యం గారు. తమాషా ఏమిటంటే, తాను అది నేర్పుతున్నట్టు ఆవిడకే యాభై మూడేళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజున సంతోషించిందా అంటే అదీ లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఆవిడ పుట్టింది నరసాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో. తండ్రి యెహెజ్కేలు చర్చిలో గంట కొట్టేవాడు, నేల ఊడ్చేవాడు. తల్లి అప్పాయమ్మ లేసు అల్లేది. మాణిక్యానికి మూడో ఏట జ్వరం తగిలి కుడికాలు చచ్చుపడి సన్నబడిపోయింది. దాన్ని పోలియో అంటారని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "కూకుని చేసే పనేదన్నా నేర్చుకుంటే బతికేత్తాది" అని అప్పాయమ్మ ఐదో ఏటనే కూతురి చేతికి లేసు అల్లే సూది ఇచ్చింది. పదేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల వేళ్ళు కంటికి ఆనేవి కావు. ఎన్ని ముళ్ళకు ఒక పువ్వు, ఎన్ని పువ్వులకు ఒక వరస అన్న లెక్క అంతా వేళ్ళలోనే ఉండేది.

తండ్రి చర్చి ఊడుస్తుంటే మాణిక్యం వెళ్ళి ఆర్గాను ముందు కూర్చునేది. ఆర్గాను అంటే భజనల్లో వాయించే హార్మోనియం లాంటిది కాదు. బీరువా అంత ఉంటుంది. కింద రెండు పెడళ్ళుంటాయి. రెండు కాళ్ళతో ఒకదాని తరవాత ఒకటి తొక్కుతుంటేనే లోపల గాలి ఆడుతుంది, గాలి ఆడితేనే పైన మెట్లు పలుకుతాయి. ఒక్క కాలితో తొక్కితే సగం గాలే. పాట మొదలైనట్టే మొదలై మూలుగుతూ ఆగిపోయేది. పిల్ల ఏడ్చేది. చూసి చూసి యెహెజ్కేలు ఒకరోజు రెండు పెడళ్ళ మీదా అడ్డంగా ఒక చెక్క వేసి, తోలు బద్దీతో బిగించాడు. ఇప్పుడు ఎడమకాలు ఒక్కటే వేసి నొక్కితే రెండూ కలిసి దిగుతాయి.

చర్చి అయ్యగారు చూసి కంగారుపడ్డారు.

"యెహెజ్కేలూ, ఇదేంటయ్యా? దేవుడి సామానుకి చెక్కలు కట్టావు?"

"మీరు వాయించేప్పుడు విప్పేత్తానండయ్యా. మా పిల్ల వాయించేప్పుడు మళ్ళీ కట్టేత్తాను."

"రోజూ అదే పనా నీకు?"

"గంట రోజూ కొట్టటం లేదాండీ?"

అయ్యగారు నవ్వేశారు. ఆ చెక్కను అలాగే ఉండనిచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆదివారం ఆరాధనలో ఆ పిల్లే వాయించడం మొదలుపెట్టింది.

1967లో మిషన్ బడిలో సంగీతం టీచరు కావాలంటే మాణిక్యం దరఖాస్తు పెట్టింది. సంగీతం పరీక్షలు రెండూ పాసైంది, ఇరవై మూడేళ్ళ వయసు. కమిటీలో ఒక పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, "అమ్మాయ్, కాలు బాగోలేనిదానివి, కాళ్ళతో తొక్కే వాయిద్యం ఎలా వాయిస్తావు?" అని అడిగాడు.

"మీరు అటు తిరిగి కూర్చోండి. ముందు వినండి, తరవాత కాలు చూద్దురుగాని" అంది మాణిక్యం.

ఆయన నిజంగానే అటు తిరిగి కూర్చున్నాడు. విన్నాక ఇటు తిరగలేదు. అలాగే చెయ్యి పైకెత్తి, "ఇచ్చేయండి ఉద్యోగం" అన్నాడు. ఈ ముక్క ఆవిడ బతుకంతా చెప్పుకునేది. చెప్పిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి మీసం కాస్త పెద్దదయ్యేది.

అయితే ఆ రోజు నుంచే ఒక అలవాటు చేసుకుంది. కుచ్చిళ్ళు నేలమీద జీరాడేలా చీర కట్టేది. అంచుకు తల్లి అల్లిన లేసు, బెత్తెడు వెడల్పున. చూసినవాళ్ళు ఆ లేసు చూసేవారే గాని దాని వెనకాల ఏముందో చూసేవారు కాదు. నడకలో కుంటు ఎలాగూ అందరికీ తెలుసు. కానీ ఆ కాలి గురించి ఎవరూ నోరెత్తకూడదు. బడి హాల్లోని ఆర్గానుకు కూడా ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే తండ్రి అలాంటి చెక్కే బిగించి ఇచ్చాడు. దానికి అడ్డంగా ఆవిడ ఒక తెర కుట్టించింది. పిల్లలకు కనబడేది టీచరు గారి నడుం నుంచి పైకే. ఒకసారి ఆరో తరగతి పిల్ల ఒకతి, "టీచర్ గారండీ, ఆ తెర వెనకాల ఏం చేస్తారండీ?" అని అడిగింది. "నీ బుర్రలోకి గాలి కొడుతున్నానే" అని చెప్పి జంట స్వరాలు పాతికసార్లు పాడించింది.

మనిషి కఠినమే. "నోరు తెరవండే, ఈగలేం దూరవు!" అన్న కేక వీధి చివరకు వినబడేది. మెచ్చుకోవడం తక్కువ. ఎవరైనా బాగా పాడితే, "ఊఁ, ఇవాళ అన్నం తిన్నట్టున్నావు" అనేది. ఆ ఒక్క మాట కోసం పిల్లలు వారమంతా గొంతు చించుకునేవారు. పెళ్ళి సంబంధాలు రెండొచ్చాయి. మొదటివాళ్ళు కాలు చూసి వెళ్ళిపోయారు. రెండోవాళ్ళు కాలు పరవాలేదుగాని ఆర్గాను మానేయాలన్నారు. ఈసారి ఆవిడే వాళ్ళను పంపించేసింది.

పోటీలకు పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు ఆర్గాను కదలదు కాబట్టి చేతి హార్మోనియం పట్టుకెళ్ళేది. రాజోలు వైపు పోటీలుంటే గోదావరి దాటాలి. పంటు మీద సైకిళ్ళు, మేకలు, అరటిగెలల మధ్య పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పిల్లల చేత పాడించుకుంటూ వెళ్ళేది. పంటు నడిపేవాడు ఇంజను ఆపి వింటే, "నువ్వు ఇంజను ఆపితే మేం అవతలికి ఎప్పుడు చేరతామయ్యా అబ్బులూ?" అని కసిరేది. మనసులో మాత్రం పొంగిపోయేది.

స్టేజీ ఎక్కే ముందు ప్రతి పిల్లకూ ఒకే మాట చెప్పేది: "నువ్వెక్కడ ఎత్తుకుంటే నేనక్కడుంటాను. వెనక్కి తిరిగి చూడకు." తుని పోటీల్లో హేమశ్రీ అనే పిల్ల భయంలో మామూలు కంటే రెండు మెట్లు పైన ఎత్తుకుంది. పాట సగానికి వస్తే గొంతు చీలిపోవడం ఖాయం. మాణిక్యం గారి వేళ్ళు రెండో మాటకల్లా పై శ్రుతికి వెళ్ళిపోయాయి. పై చరణం వచ్చే ముందు ఆ పిల్ల ఎప్పట్లాగే చిన్నగా ఆగి, గుండె నింపుకుని, పాటను ఒడ్డుకు చేర్చింది. మొదటి బహుమతి. జడ్జీలు హేమశ్రీ తల నిమిరారు, వాళ్ళ నాన్నతో చేతులు కలిపారు, హార్మోనియం దగ్గర కూర్చున్న మనిషిని చూడనే లేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో తోటి టీచరు జాలిపడితే మాణిక్యం గారు ఆశ్చర్యపోయింది. "నన్ను చూశారంటే నేనేదో తప్పు వాయించినట్టేనండి" అంది.

అలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి.

1998 ఫిబ్రవరిలో బడికి వజ్రోత్సవం వచ్చింది. మొగల్తూరు దగ్గర చేపల చెరువులున్న త్రినాథరాజు గారు బడికి ఒక కీబోర్డు ఇచ్చారు. ఆయన కూతురు మంజుష తొమ్మిదో తరగతి, పాటల జట్టులో ముందు వరస. ఆయనే కారులో వేసుకొచ్చి, హాలు మధ్యలో బల్లమీద పెట్టించారు.

"టీచరు గారూ, దీనికి తొక్కుడు గొడవే లేదండి. కరెంటు పెట్టామంటే దానంతటదే వాయించేత్తది. డప్పు కూడా అదే కొట్టుకుంటది!"

"మరి పాట కూడా అదే పాడేసుకుంటదాండీ రాజు గారూ?"

"ఆయ్, అది మాత్రం పిల్లలకి ఒదిలేసిందండి" అని ఆయన హాలు దద్దరిల్లేలా నవ్వారు.

హెడ్మిస్ట్రెస్ గారు మాణిక్యం గారి చేతులు పట్టుకున్నారు. "ఆ రోజు మీకు సన్మానమండీ. స్టేజీ మీద కుర్చీలో కూర్చోవాలి. దండ వేయించుకుంటూ ఆర్గాను ఎలా తొక్కుతారు? రాజమండ్రి నుంచి ఆర్కెస్ట్రా అబ్బాయిని పిలిచాం, అతను వాయిస్తాడు. మీరు హాయిగా కూర్చుని వినండి."

హాయిగా వినడం ఆవిడకు చేతకాని పని. అయినా సరేనంది. పాడేది బడి పాట. ఆ పాటకు పాతికేళ్ళ కిందట ఆవిడే వరస కట్టింది. ఊళ్ళో రెండు తరాల ఆడపిల్లలకు నోటికి వచ్చు.

దీపాలమండీ మేము ఈ ఇంటి దీపాలం
గాలొచ్చినా ఆరిపోని నిండు దీపాలం

రెండో వరస దగ్గర పాట ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ పాటకు ప్రాణం అక్కడే.

ఆర్కెస్ట్రా అబ్బాయి పేరు ఫణీంద్ర. పాతికేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. మొదటి రిహార్సల్లో కీబోర్డులో డప్పు వేసి, పల్లవి అందుకున్నాడు. పిల్లలు మొదటి వరస చక్కగా పాడారు. "గాలొచ్చినా" దగ్గరికొచ్చేసరికి డప్పు ముందుకెళ్ళిపోయింది, పిల్లలు వెనకపడిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే. నాలుగుసార్లు అలాగే అయింది.

"పిల్లలు లయ తప్పుతున్నారు మేడమ్" అన్నాడు ఫణీంద్ర.

"మా పిల్లలు లయ తప్పరు బాబూ. నువ్వే పరిగెడుతున్నావు."

"నేను కాదండి, మెషిను. దానికి పరిగెత్తడం, ఆగడం తెలీదండి."

అతను డప్పు ఆపేశాడు. పిల్లల చేత ఏ వాయిద్యమూ లేకుండా పాడించి టేప్‌రికార్డర్లో పట్టాడు. మధ్యాహ్నం భోజనాల వేళ మాణిక్యం గారి పక్కన కూర్చుని, బల్లమీద వేలితో తాళం వేస్తూ వినిపించాడు. వేలు దిగింది, పాట రాలేదు. పాట ఒక అరక్షణం ఆగి వచ్చింది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. అదే చోటు. చరణంలో పైకి లేచే చోటు పెట్టాడు. అక్కడా అంతే. నలభై మంది పిల్లలు, ఒకరికొకరు సైగ చేసుకోకుండా, ఒకేసారి ఆగి ఒకేసారి లేస్తున్నారు.

"ఎవరో నేర్పినట్టే ఉంది మేడమ్" అన్నాడు ఫణీంద్ర. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. కానీ ఆవిడ చేతిలోని ముద్దను కంచంలోనే వదిలేసింది.

అతను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే ఆవిడ ఆర్గాను దగ్గరికి నడిచింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి తెర పక్కకు లాగి, తన కాలును తానే చూసుకుంటూ బడి పాట వాయించింది. మొదటి వరస అయ్యేసరికి లోపల గాలి అయిపోవచ్చింది. పై మెట్లు గట్టిగా పలకాలంటే నిండుగా గాలి కావాలి. రెండు కాళ్ళున్నవాళ్ళకైతే ఒకటి దిగుతుంటే ఇంకొకటి లేస్తుంది కాబట్టి గాలి తెగదు. ఆవిడ ఎడమకాలు చెక్కను వదిలి, అది పైకి లేచేదాకా ఆగి, మళ్ళీ అడుగంటా నొక్కింది. ఆ తరవాతే వేళ్ళు పైకి వెళ్ళాయి. తేడా అరక్షణం. ఆ అరక్షణం ఆవిడ చెవికి ఏనాడూ వినబడలేదు, ఎందుకంటే ఆవిడకు పాటంటేనే అది.

చేతులు మెట్లమీదే ఉండిపోయాయి. కుంటుకాలు ఎవరికీ కనబడకూడదని లేసు అంచులు కట్టింది, తెరలు కుట్టించింది. తీరా చూస్తే ఆ కుంటు వెళ్ళి ఊళ్ళో ఆడపిల్లలందరి గొంతుల్లోనూ కూర్చుంది. ఎన్ని వందల మందికి నేర్పింది! అందరికీ తప్పే నేర్పిందా? ఈ తప్పును పెట్టుకుని దండ వేయించుకోవడానికి స్టేజీ ఎలా ఎక్కడం? వజ్రోత్సవానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈ లోపు పిల్లల గొంతుల్లోంచి తన కాలును తీసేయాలని గట్టిగా అనుకుంది.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. ఆర్గాను ముట్టుకోలేదు. చేతిలో కర్ర పట్టుకుని బల్లమీద తాళం కొడుతూ, "ఆగొద్దు! ఆగొద్దే! పోనీయండి!" అని అరిచేది. పిల్లలకు అర్థం కాలేదు.

"టీచర్ గారండీ, మేం ఎక్కడ ఆగుతున్నామండీ?" అని మంజుష అడిగింది.

"ఎక్కడో ఆగుతున్నారులే. కర్ర చూసి పాడండి."

మూడు రోజులు తిట్లు తిన్నాక పిల్లలు దారికొచ్చారు. నాలుగో రోజున కీబోర్డు డప్పుతో సహా పాట గడియారంలా నడిచింది. హెడ్మిస్ట్రెస్ గారు చప్పట్లు కొట్టారు. "హమ్మయ్య, కుదిరిందండీ!" అన్నారు. ఫణీంద్ర మాత్రం కీబోర్డు కట్టేసి మాణిక్యం గారి వైపు చూశాడు. ఆవిడ అతని వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూసింది. ఇద్దరికీ వినబడింది. పాట తాళంలోనే ఉంది, కానీ "గాలొచ్చినా" దగ్గర పిల్లల గొంతులు పీలగా లేచాయి. మంజుష గొంతైతే చీలింది కూడా. ఆ బడి పిల్లలకు పైస్థాయిలో గొంతు చీలడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

మర్నాడు రిహార్సల్ చూడడానికి రాజు గారు భార్యతో వచ్చారు. ఆవిడ పేరు శ్రీదుర్గ. డెబ్బైల్లో ఈ బడిలోనే చదివింది, పాటల జట్టులోనే ఉండేది. పాట అయ్యాక రాజు గారు చెవి గోక్కున్నారు.

"ఏంటండీ ఇది? మా ఆవిడ వంటింట్లో పాడితే చెరువు గట్టు మీద మా మేస్త్రికి వినపడతది. ఇంతమంది పాడితే గుమ్మం దాటలేదేంటండీ?"

"మీరూరుకోండి" అని శ్రీదుర్గ లేచి, మాణిక్యం గారి దగ్గరికి వచ్చింది. "టీచరు గారండీ, ఊపిరేదండీ?"

"ఏ ఊపిరే?"

"అదేనండి, గాలొచ్చినాకి ముందు. అక్కడ గుండెల్నిండా పీల్చుకోవాలి కదండీ. మీరే కదా నేర్పారు?"

"నేనెప్పుడు నేర్పానే నీకు?"

"నేర్పలేదూ? మీరు అక్కడ ఆగేవారు. మీరు ఆగితే మేం పీల్చుకునేవాళ్ళం. నోటితో చెప్పలేదులెండి, కానీ అదే కదా నేర్పడమంటే." శ్రీదుర్గ గొంతు కాస్త తగ్గించింది. "ఈ మంజుష పుట్టేప్పుడండీ, నర్సమ్మ ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో అని ఒకటే అరుపు. నాకేం తోచలేదు. బడి పాట మనసులో పాడుకున్నాను. దీపాలమండీ మేము, అని ఆగి, పీల్చుకుని, గాలొచ్చినా అన్నాను చూడండీ, పిల్ల బయటికొచ్చేసింది!"

పిల్లలు ఘొల్లున నవ్వారు. మంజుష సిగ్గుతో మొహం దాచుకుంది. రాజు గారు, "ఓసి నీ దుంప తెగ, నాకెప్పుడూ చెప్పలేదేంటే!" అన్నారు.

మాణిక్యం గారు నవ్వలేదు. ఆవిడకు తుని పోటీలు గుర్తొచ్చాయి. రెండు మెట్లు పైన ఎత్తుకున్న హేమశ్రీ గొంతు ఎందుకు చీలలేదో ఇన్నాళ్ళకు తెలిసింది. ఆ రోజు తాను చేతి హార్మోనియం వాయించింది. దానికి పెడలే లేదు. అయినా ఆ పిల్ల ఆగవలసిన చోట ఆగి, పీల్చుకుని లేచింది. తన కాలు చేసిన పనిని ఆ పిల్ల ఊపిరి పట్టుకుపోయింది.

పాటను ఇప్పుడున్నట్టే వదిలేయవచ్చు. తాళం సరిపోయింది, హెడ్మిస్ట్రెస్ గారికి నచ్చింది, ఎవరూ అడగరు. లేదా ఆ ఆగుడును మళ్ళీ తీసుకురావాలి. తేవాలంటే అదెక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. చెప్పాలంటే కాలు చూపించాలి.  ఆవిడ చేతిలోని కర్రను కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"ఫణీంద్రా, ఆ డప్పు ఆపేయ్ బాబూ."

"ఆపేస్తే తాళం ఎలా మేడమ్?"

ఆవిడ కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. పిల్లలందరి ముందూ, రాజు గారి ముందూ, చీర కుచ్చిళ్ళు జానెడు పైకి తీసింది. లేసు అంచు కింద నుంచి రెండు పాదాలూ కనబడ్డాయి. ఒకటి మామూలుది, ఒకటి చిన్నపిల్ల పాదమంత.

"ముప్ఫై ఏళ్ళుగా ఈ ఎడమకాలితోనే తొక్కుతున్నాను. ఇది లేచేదాకా పాట ఆగాలి. అదీ సంగతి. నువ్వు మెషిను చూడకు, నా కాలు చూసి వాయించు. కాలు లేచినప్పుడు నువ్వూ చెయ్యెత్తు. నొక్కినప్పుడు రా."

 పిల్లలు ఆ కాలి వైపు చూడాలో వద్దో తెలియక నిలబడ్డారు. మంజుష ఒక్కతే ధైర్యం చేసింది.

"టీచర్ గారండీ, అయితే ఇప్పుడు ఆగొచ్చాండీ?"

"ఆగకపోతే వీపు పగులుద్ది. నోరు తెరవండే!"

కాలు లేచింది. నలభై గుండెలు గాలి పీల్చుకున్నాయి. ఫణీంద్ర చేతులు గాల్లో ఉన్నాయి. కాలు నేలను తాకింది. ఆ తరవాత వచ్చిన "గాలొచ్చినా"కు గుమ్మం దగ్గర నిద్రపోతున్న వాచ్‌మన్ తాతాజీ ఉలిక్కిపడి లేచి, బెల్లు కొట్టేశాడు.

పాట అయ్యాక ఫణీంద్ర కీబోర్డు మీది నుంచి చేతులు తీశాడు. "ఎనిమిదేళ్ళుగా వాయిస్తున్నానండి. వాయించేవాడు ఊపిరి పీల్చుకోవాలని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"నాకూ ఎవరూ చెప్పలేదు బాబూ" అంది మాణిక్యం గారు.

వజ్రోత్సవం రోజు హాలు చాలక గ్రౌండులో షామియానా వేశారు. పాత విద్యార్థినులే ఆరేడు వందల మంది. స్టేజీ మీద కుర్చీల్లో పెద్దలందరూ కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు. చివరి కుర్చీలో మాణిక్యం గారు కొత్త పట్టుచీరలో ఉంది. అంచుకు తల్లి చనిపోయేముందు అల్లిన లేసు. ఎప్పటికంటే చీర నాలుగు వేళ్ళు పైకి కట్టింది. కీబోర్డును ఆ కుర్చీకి ఎదురుగా పెట్టించుకున్నాడు ఫణీంద్ర. హెడ్మిస్ట్రెస్ గారికి అలా ఎందుకో అర్థం కాక, "అబ్బాయి జనం వైపు తిరిగి కూర్చుంటే బాగుండేది కదండీ" అన్నారు. "అతనికి అక్కడి నుంచే బాగా కనబడుతుందండి" అంది మాణిక్యం గారు.

పిల్లలు బడి పాట ఎత్తుకున్నారు. షామియానా కింద కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? మొదటి వరస సగంలోనే అందరూ అందుకున్నారు. లేసు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, టీచర్లు, నర్సులు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, నెరిసిన జుట్టువాళ్ళు. మొదటి వరస అయింది. స్టేజీ మీద ఒక ఎడమకాలు పైకి లేచింది. కింద ఉన్నవాళ్ళకు ఆ కాలు కనబడదు. కనబడాల్సిన అవసరమూ లేదు. అందరూ ఒకేసారి ఆగారు. గ్రౌండు మొత్తం ఊపిరి పీల్చిన చప్పుడు మైకులో వినబడింది. ఆ తరవాత ఆ పాట రేవు దగ్గర పంటు మీదున్నవాళ్ళకు కూడా వినబడిందని అబ్బులు చెప్పేవాడు. ఇంజను ఆపి విన్నాడట. ఈసారి కసరడానికి పంటు మీద ఆవిడ లేదు.

దండ వేసేటప్పుడు రాజు గారు మైకు లాక్కుని, "నేను కొన్న మెషినుకి ఊపిరాడటం నేర్పించిన టీచరు గారండీ!" అన్నారు. మాణిక్యం గారు మెడలో దండ సర్దుకుంటూ పిల్లల వైపు తిరిగి, "ఊఁ, ఇవాళ అన్నం తిన్నట్టున్నారు" అంది. మైకు దగ్గరగా ఉండడం వల్ల ఆ మాట అందరికీ వినబడింది. ఆ చప్పట్లు పాటకు వచ్చిన చప్పట్ల కంటే ఎక్కువసేపు మోగాయి.

2002లో ఆవిడ రిటైరైంది. ఆదివారాలు చర్చిలో ఆర్గాను మాత్రం మానలేదు. బడిలోనూ, చర్చిలోనూ ఆర్గానుకు కట్టిన తెరలు రెండూ ఎప్పుడో తీసేయించింది. పిల్లలు వచ్చి చెక్క తొక్కి చూస్తామంటే తొక్కనిచ్చేది. మరుసటి ఏడు పెనుగొండలో బడిపిల్లల పాటల పోటీకి జడ్జిగా రమ్మన్నారు. ఇన్నేళ్ళూ పిల్లల వెనక కూర్చున్న మనిషి మొదటిసారి వాళ్ళకు ఎదురుగా కూర్చుంది. పక్కన ఇంకో జడ్జి, కర్ణాటక సంగీతం మాస్టారు, తాళం విషయంలో మహా పట్టుదల మనిషి.

ఏదో ఊరి నుంచి వచ్చిన ఏడో తరగతి పిల్ల పాడింది. మాణిక్యం గారు ఆ పిల్లను ఎప్పుడూ చూడలేదు, ఆ బడి పేరూ వినలేదు. చరణం పైకి లేచే ముందు ఆ పిల్ల కాస్త ఆగింది. గుటక వేసినంతసేపు. తరవాత విప్పిన గొంతు వెనక వరసల దాకా నిండుగా వెళ్ళింది.

మాస్టారు పెన్ను తీశారు. "లయలో అక్కడ చిన్న తేడా వచ్చిందండి. ఒక మార్కు తగ్గిద్దామా?"

"తగ్గించండి, తప్పు తప్పే కదా" అంది మాణిక్యం గారు. తన కాగితం మీద ఏదో రాసి ఆయన వైపు జరిపింది. "ఆ పైస్వరానికి మాత్రం నేను మూడు కలిపానండి."

ఆయన బల్ల కిందికి చూస్తే కనబడేది. ఆ పిల్ల ఆగినప్పుడు లేచిన ఆవిడ ఎడమకాలు అప్పుడే నేల మీదికి దిగింది.